జంతువులతో పనిచేసే ఉద్యోగాలు: ప్లస్ వన్‌లో చేరే ముందు తెలుసుకోండి

పదో తరగతి విద్యార్థులకూ, తల్లిదండ్రులకూ ఈ వివరాలు. "నీట్ రాయలేను సార్, బయాలజీ వద్దు" అనే పిల్లలు మనలో ఉన్నారు. బయాలజీ చదివితే మనుషుల డాక్టరే కావాలని ఏమీ లేదు. ఆవు, కోడి, కుక్క, ఏనుగు, పక్షి, వీటన్నిటి చుట్టూ చదువులూ ఉన్నాయి, కొలువులూ ఉన్నాయి.

పశువైద్యం

పశువైద్యుడు కావాలంటే బి.వి.ఎస్‌సి. అండ్ ఎ.హెచ్. చదవాలి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నర ఏళ్లు. తమిళనాడులో ఈ చదువు 1989లో ఏర్పడిన పశువైద్య విశ్వవిద్యాలయం (తానువాస్) చేతిలో ఉంది. మద్రాసు కళాశాల 1903 నాటిది, నామక్కల్ కళాశాల 1985 నాటిది. మన కోయంబత్తూరుకు దగ్గరలో ఉడుమలపేటలో 2020లో ఒకటి వచ్చింది.

ముఖ్యంగా గమనించండి: రాష్ట్ర కోటా సీట్లు ప్లస్ టూ మార్కుల మీదే ఇస్తున్నారు. నీట్ అడిగేది 15 శాతం అఖిల భారత కోటాకే. ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ పాఠశాలలోనే చదివినవారికి 7.5 శాతం ప్రత్యేక కోటా ఉంది. కాబట్టి బడి మార్చే ముందు ఒకసారి ఆలోచించండి. నిబంధనలు మారవచ్చు, ఆ ఏటి ప్రకటన తప్పక చూడండి.

చదువు అయ్యాక పశుసంవర్ధక శాఖ, పాల సహకార సంఘాలు, పల్లడం, నామక్కల్ వైపు కోళ్ల పరిశ్రమ, మందుల కంపెనీలు, సొంత క్లినిక్ అన్నీ దారులే.

అడవీ, పక్షులూ

మన ఆనైకట్టిలోనే సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రం ఉంది. 1990లో మొదలైంది. పరిశోధన చేయాలనుకునేవారు జువాలజీ డిగ్రీ చేసి, ఆపైన వన్యప్రాణి శాస్త్రంలో ఎం.ఎస్‌సి. చేయవచ్చు. ఊటీ ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలోనూ, మయిలాడుతురై ఎ.వి.సి. కళాశాలలోనూ ఆ కోర్సు ఉంది. అడవి అధికారి కావాలంటే మేట్టుపాళయంలో బి.ఎస్‌సి. ఫారెస్ట్రీ చదివి, తర్వాత యు.పి.ఎస్.సి. వారి ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష రాయవచ్చు.

డిగ్రీ లేని విద్య కూడా చిన్నది కాదు. ఆనైమలై అడవిలో కోళికముత్తి శిబిరంలో మలసర్ మావటీలు ఏనుగుల మనసు ఎరిగి పనిచేస్తారు. అది తరాలుగా వచ్చిన చదువు.

మన పిల్లలకు ఒక మాట

కళాశాలలో పాఠం ఇంగ్లీషులో ఉంటుంది. అందుకు భయపడకండి, ఇప్పటినుంచే ఒక నోటుబుక్కు పెట్టండి. 'నెమరు' అని మనం అనేదాన్ని తమిళంలో 'అసై' అంటారు, ఇంగ్లీషులో 'రూమినేషన్' అంటారు. రోజుకు అయిదు మాటలు ఇలా మూడు భాషల్లో రాసుకోండి. రైతుతో తమిళంలోనూ తెలుగులోనూ మాట్లాడగల వైద్యుడికి ఆవు జబ్బు సగం అక్కడే తెలిసిపోతుంది.

ఒకటి మాత్రం నిజం చెప్పాలి. ఇది సుఖమైన పని కాదు. అర్ధరాత్రి ఈనలేక ఆవు అల్లాడుతుంటే పేడలో మోకరించి చెయ్యి పెట్టాలి. తన్నులు తప్పవు, రేబిస్ టీకా ముందే వేసుకోవాలి. అందుకే జంతువులంటే ఇష్టం ఒక్కటే చాలదు, ఓపిక కూడా కావాలి. సెలవుల్లో దగ్గరి పశువుల ఆసుపత్రిలో అనుమతి అడిగి ఒక రోజు నిలబడి చూడండి. ఆ తర్వాత కూడా ఇష్టం మిగిలితే, బయాలజీ ఉన్న గ్రూపునే తీసుకోండి.