ఎక్కువ గాయాలైనవాడికి పట్టుబట్ట

పొద్దు వాలింది. విజయనగర కోటలో దివిటీలు ఒక్కొక్కటే అంటుకుంటున్నాయి. బరి చుట్టూ, ప్రాకారాల పైన, గుడ్డ చుట్టిన పెద్ద పెద్ద కాగడాలు. చూస్తుండగానే రాత్రి పట్టపగలైపోయింది. 1520 ప్రాంతంలో ఒక మహర్నవమి. తొమ్మిది రోజుల పండుగ.

తెల్లబట్టల నిండా బంగారు గులాబీల కుట్టుపని. మెడనిండా నగలు. కృష్ణదేవరాయలు కొలువుదీరి ఉన్నాడు. ఆ కట్టడం పేరు విజయగృహం, ఒడిశా గజపతుల మీద గెలిచి వచ్చాక కట్టించింది. హంపీ వెళ్లినవాళ్లు మహానవమి దిబ్బగా ఎక్కి చూసేది దాని పీఠమేనని చరిత్రకారుల మాట.

బరిలోకి ఇద్దరు జెట్టిలు, అంటే మల్లయోధులు, దిగారు.

పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ చూస్తున్నాడు. తన దేశంలో అతడెరిగిన కుస్తీ కాదిది. దెబ్బ పడితే పళ్లు రాలుతున్నాయి, కళ్లు పోతున్నాయి. నోట మాట లేకుండా పడిపోయినవాణ్ణి సావాసగాళ్లు మోసుకుపోతున్నారు. అంత కొట్లాటలోనూ కట్టుబాటు ఉంది. జోడీ సమంగా కుదిరిందా అని చూసే పెద్దలున్నారు, గెలిచినవాడి మర్యాద వాడికి ఇప్పించేదీ వాళ్లే.

పదిహేనేళ్ల తర్వాత, అచ్యుతరాయల కాలంలో, ఫెర్నావ్ నూనిజ్ అనే గుర్రాల వర్తకుడు అక్కడ ఉన్నాడు. జెట్టిల చేతుల్లో మొనలున్న కడియాలుంటాయని, వాటితో ఒకరినొకరు గాయపరుచుకుంటారని రాశాడు. ఎవడికి ఎక్కువ గాయాలైతే వాడే వెళ్లి రాజుగారిచ్చే పట్టుబట్ట అందుకుంటాడట. చదువుతూ నేను ఇక్కడ ఆగిపోయాను. నెత్తురు ఇంకా కారుతున్న భుజం మీద కొత్త పట్టు. అది కప్పుకుని ఇంటికెళితే ఆ ఇల్లాలు ముందు ఏది చూసి ఉంటుంది, బట్టనా, గాయాన్నా?

అలాంటి జెట్టిలు వెయ్యిమంది. వాళ్లకు మరో ఊడిగం లేదు. కుస్తీ పట్టే ఆడవాళ్లూ ఉండేవారు. ఒక్కరి పేరైనా పేస్, నూనిజ్‌లలో ఎవరైనా రాసి ఉంటే ఎంత బాగుండేది!

కుస్తీలతో పాటు నాట్యాలు. ఆపైన బాణసంచా: కోటల్లా కట్టినవి భగ్గున మండుతూ తారాజువ్వలు చిమ్మాయి.

పేస్ ఇంకో సంగతి రాశాడు, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. రాయలు రోజూ తెల్లవారకముందే లేచి నువ్వులనూనె తాగుతాడు. అదే నూనె ఒళ్లంతా పట్టిస్తాడు. చిన్న గోచీ బిగించి, మట్టితో చేసిన పెద్ద బరువులెత్తుతాడు. తాగిన నూనె చెమటగా కారిపోయేదాకా కత్తిసాము చేస్తాడు. అందుకే ఆ రాత్రి గద్దె మీది చూపు వట్టి వేడుక చూసే చూపు కాదని నా నమ్మకం. పట్టు ఎక్కడ బిగుస్తుందో, ఊపిరి ఎక్కడ ఆగుతుందో ఆ ఒంటికి తెలుసు.

సాము అయ్యాక తన జెట్టిల్లో ఒకడితో తలపడతాడు. ఒంటి మీద పట్టుబట్ట లేదు, నగ లేదు. మశూచి మచ్చలున్న ఆ ముఖం మరో మనిషి భుజానికి ఆనుకుంటుంది. ఆ తర్వాత గుర్రమెక్కి, తెల్లారేదాకా మైదానమంతా దౌడు తీయిస్తాడు.