మేనత్త టీసీ

మా తాత పుట్టపాక విడిచి భివండి వచ్చింది 1962లో. చేతి మగ్గం మీద తేలియా రుమాళ్లు నేసిన మనిషి ఇక్కడ పన్నెండు గంటల పాళీలో పవర్‌లూములు నడిపాడు. ఆ సంగతులు ఇదివరకే రాశాను. ఈసారి రాసేది మా అన్న బిడ్డ బడి దరఖాస్తు గురించి. రెండేళ్లు ఇల్లంతా దాని చుట్టూ తిరిగింది.

పిల్లను హాస్టల్ ఉండే బడిలో వేయాలని వదిన పట్టుబట్టింది. పద్మనగర్‌లో మా గల్లీలో రాత్రి కూడా లూములు ఆగవు, ఆ చప్పుడులో పిల్ల ఏం చదువుతుందని ఆమె బాధ. నాన్నమ్మ ఒకటే మాట: "ఆడపిల్లల బడైతేనే పంపుండ్రి."

నేను ధార్వాడ దగ్గర అమ్మమ్మ ఇంట్లో కన్నడ మీడియంలో చదివాను, కాబట్టి నాకు ముందు తట్టింది కిత్తూరు. రాణి చెన్నమ్మ పేరున 1969లో పెట్టిన ఆడపిల్లల రెసిడెన్షియల్ సైనిక్ స్కూలు. మా క్లాసులో ఇద్దరు ఆ పరీక్ష రాశారు, ఇద్దరికీ సీటు రాలేదు. పోటీ సంగతి అటుంచి, అక్కడి ఖర్చు అన్నకు అందేది కాదు.

అన్న మనసు తెలంగాణ గురుకులం మీద ఉంది. దానికి కారణముంది. పరీక్ష పెట్టి పల్లెటూరి పిల్లల్ని ఎంచుకుని, తిండీ చదువూ సర్కారే చూసే మొదటి గురుకులం 1971 నవంబరు 23న సర్వేలులో మొదలైంది. అప్పుడు పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి. సర్వేలు, మా పుట్టపాక ఇప్పుడు ఒకే మండలం, సంస్థాన్ నారాయణపురం. మా తాత ఇంకో పదేళ్లు ఊళ్లోనే ఉంటే ఆ బడి మా ఇంటికి పక్కదే అయ్యేది. అయినా ఏం లాభం, అది మగపిల్లలకు పెట్టిన బడి, మా మేనత్తకు అందులో చోటుండేది కాదు. ఆడపిల్లలకు విడిగా గురుకులాలు తరువాత వచ్చాయి. బీసీలకైతే మహాత్మా జ్యోతిబా ఫూలే పేరున కొత్త గురుకులాలు 2017లో పెద్ద సంఖ్యలో తెరిచారు. నాన్నమ్మ కోరినట్టు బాలికల బడులు వేరే.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఫారం ఏ గడి దగ్గర ఆగిపోతుందో చూడటం అలవాటు. ఈ ఫారం జిల్లా గడి దగ్గర ఆగింది. ఐదో తరగతి ప్రవేశాలకు పాత జిల్లానే లెక్క. అరవై ఏళ్లుగా మేం నల్లగొండోళ్లమని చెప్పుకుంటున్నాం, పిల్ల నాలుగో తరగతి చదువుతున్నది ఠాణే జిల్లాలో. అక్కడితో ఆ తలుపు మూసుకుపోయింది.

ఇక మిగిలింది నవోదయ. కేంద్రంలో విద్య చూసే మంత్రిగా పి.వి. ఉన్న రోజుల్లోనే, 1986 విద్యా విధానంతో వచ్చిన బడులవి. ఆరో తరగతిలో ప్రవేశం. ఏ జిల్లాలో ఐదు చదివితే ఆ జిల్లాలోనే పరీక్ష, అంటే ఈసారి ఠాణే మాకు పనికొచ్చింది. సీట్లలో 75 శాతం పల్లె పిల్లలకు పోతాయి, పట్నం పిల్ల మిగతా పావు భాగంలో పోటీ పడాలి. ఆడపిల్లలకు కనీసం మూడో వంతు. మగపిల్లలు కూడా చదివే బడి అని నాన్నమ్మ మొహం మాడ్చుకుంది.

రిజర్వేషన్ గడి నింపాలంటే కుల సర్టిఫికెట్ కావాలి. మహారాష్ట్రలో మా పద్మశాలీలకు అది రావాలంటే 1967 అక్టోబరు 13కు ముందు నుంచే కుటుంబం ఇక్కడ ఉన్నట్టు రుజువు చూపాలి. తాతకు మస్టర్ లేదు, జీతం చీటీ లేదు. కిరాయి గది మాట మీద నడిచింది. ఉన్న కాగితాలు 2005 జూలై వరదలో ట్రంకు పెట్టెతో సహా నానిపోయాయి. లూము పట్టి ఇల్లు నడిపిన మగవాళ్లెవరి పేరునా ఒక్క ముక్క దొరకలేదు.

అప్పుడు మేనత్త తన బీరువాలోంచి ప్లాస్టిక్ కవరు తెచ్చింది. మరాఠీలో రాసిన టీసీ, సిరా వెలిసిపోయింది. పుట్టిన ఊరు పుట్టపాక. బడిలో చేరింది 1964 జూన్, విడిచింది 1966 నవంబరు. కారణం గడిలో "ఇంటి పని" అని ఉంది. మా నాన్న కడుపులో పడ్డాడని, కండెలు చుట్టే చెయ్యి ఒకటి తగ్గిందని ఆమెను మాన్పించారు. రెండో తరగతి బాగా చదివేదట. ఆ సంగతి ఇన్నేళ్లలో మాకెవరూ చెప్పలేదు.

అన్న ఆ గడి పైకి చదువుతుంటే నాన్నమ్మ లేచి లోపలికి వెళ్లింది.

మేనత్త అసలు టీసీ ఎవరి చేతికీ ఇవ్వనంది. జిరాక్స్ షాపుకీ, సేతు కేంద్రానికీ తానే మోసుకొచ్చింది. రెండు సార్లు తిప్పి పంపారు, మూడోసారికి సర్టిఫికెట్ వచ్చింది. జనవరిలో పిల్ల పరీక్ష రాసింది. ఫలితం ఇంకా రాలేదు. ఆడపిల్లల హాస్టల్‌కు గేటు వేరే ఉంటుందా అని నాన్నమ్మ అడుగుతోంది, పెట్టె ఎంత పెద్దది కొనాలని కూడా.