పానకంలో పుడక

గత వేసవిలో మా మనుమరాలి పన్నెండవ పుట్టినరోజు విజయవాడలో మా అమ్మాయి ఇంట జరిగింది. ఇరవైమంది పిల్లలు వస్తారని అంచనా. కొట్లో దొరికే రంగునీళ్ళ సీసాలు వద్దు, ఇంట్లోనే పండ్ల రసాలలో సోడా కలిపి పంచ్ చేద్దామని అమ్మాయి నిశ్చయించింది. అనాసకాయ చెక్కు తీయడం, బత్తాయిలు పిండడం నా వంతుకు వచ్చాయి. పదవీ విరమణ చేసిన తెలుగు పండితునికి ఇంతకన్న పెద్ద బాధ్యత ఎవరు అప్పగిస్తారు!

చేతులు పని చేస్తున్నప్పుడు నోరు ఊరుకోవడం నాకు ముప్పైనాలుగేళ్ళ ఉద్యోగంలో అలవాటు కాలేదు. నలుగురు పిల్లలు చుట్టూ చేరగానే పాఠం మొదలుపెట్టాను. "పంచ్ అనే మాట ఎక్కడిదో తెలుసునా? మనదే. సంస్కృతంలో పంచ అంటే ఐదు. మన దేశం వచ్చిన దొరలు ఐదు వస్తువులు కలిపి ఒక పానీయం చేసుకునేవారు. సారా, చక్కెర, నిమ్మరసం, నీళ్ళు, సుగంధద్రవ్యం. ఐదు కనుక పంచ్!" సారా అన్న మాటను కొంచెం మెల్లగా పలికాను.

మా మనుమరాలు తన తల్లి ఫోను తీసుకొని ఏదో వెతికి, "తాతయ్యా, ఇక్కడ 'బహుశా' అని ఉంది" అన్నది.

ఆ 'బహుశా' నా పానకంలో పుడక అయినది. పండుగ ముగిసి ఇంటికి వచ్చిన తరువాత కొన్ని వారాలు ఆ మాట వెంట పడ్డాను. తెలుసుకున్నది పాఠకులతో పంచుకోవడం ఒక కారణమైతే, ఒక పాత అపరాధాన్ని ఒప్పుకోవడం ఈ వ్యాసానికి రెండవ కారణం.

ముందు మాట పుట్టుక. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మన కోరమాండల్ తీరానికి 1611లో చేరింది. పెట్టపోలి అని వారు వ్రాసుకున్న నేటి నిజాంపట్నంలోను, మన మచిలీపట్నంలోను ఆ యేడే వ్యాపారం మొదలుపెట్టారు. మరికొన్నేళ్ళకు పూర్వపు నెల్లూరు జిల్లాలోని దుగరాజపట్నంలో, వారి నోట ఆర్మగాన్‌లో, ఇంకొక స్థావరం వెలసింది. ఈ తీరపు ఉద్యోగుల ఉత్తరప్రత్యుత్తరాలలోనే పంచ్ అనే పేరు మొట్టమొదటిసారి కాగితమెక్కింది. రాబర్ట్ ఆడమ్స్ అనే అతడు థామస్ కాలీ అనే తోటి ఉద్యోగికి 1632 సెప్టెంబరు 28న వ్రాసిన జాబులో, మీరందరూ కలిసి చక్కగా కాపురముండాలనీ, పంచ్ తాగే విషయంలో తగు జాగ్రత్తలో ఉండాలనీ హితవు చెప్పినట్లుగా ఒక మాట ఉన్నది. అది హితవో, వేళాకోళమో, ఆ నాటి ఇంగ్లీషు నుడికారం నాకు రూఢిగా అందలేదు. పంచ్ అంటే ఏమిటో మాత్రం అతడు వివరించలేదు. చదివేవానికి తెలుసునన్న మాట. పేరు అప్పటికే వారి మధ్య నలిగినదని దీనివల్ల తేలుతున్నది.

బందరు పరిసరాలలో పుట్టి పెరిగినవానికి ఈ సంగతి ఎంత సంతోషం కలిగిస్తుందో చెప్పనక్కరలేదు. కాని ఆ జాబులో ఐదు లేదు, పంచ లేదు. ఆ సంఖ్య ప్రస్తావన రావడానికి నలభైనాలుగేళ్ళు పట్టింది. జాన్ ఫ్రయర్ కంపెనీ వైద్యుడు. 1673లో ఓడ దిగినది మన మచిలీపట్నంలోనే. అతడు 1676లో గోవా దగ్గరి నెరూల్ గ్రామపు సారాను గురించి వ్రాస్తూ, దానితో ఇంగ్లీషువారు చేసుకునే, మనిషిని నీరుకార్చే ఆ పానీయానికి ఐదు ద్రవ్యాలను బట్టి హిందుస్తానీలో ఐదు అని అర్థమిచ్చే పేరు వచ్చిందన్నాడు. వైద్యుడు కదా, ఐదింటితో చేసే ఔషధానికి గ్రీకులో ఐదు పేరిటనే పేరుండడం గుర్తు చేసుకున్నాడు. మన పంచకోలం, పంచమూలం వంటి పేర్లు అతనికి తెలిసి ఉంటే మరింత సంబరపడేవాడు. అతని గ్రంథం లండనులో 1698లో అచ్చయింది. తరువాత యూల్, బర్నెల్ అనే ఇద్దరు పండితులు 1886లో కూర్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఈ వ్యుత్పత్తిని లోకమంతటా ప్రచారం చేసింది. అక్కడి నుండి పాఠ్యపుస్తకాలకు, అక్కడి నుండి నా నోటికి.

ఇక పుడకలు. ఫ్రయరుకు ముందు మరి ఇద్దరు యాత్రికులు ఈ పానీయాన్ని వర్ణించారు. మాండెల్‌స్లో అనే జర్మను ప్రభువు 1638లో సూరతులో ఉన్నాడు. అతడు దీనిని పాలెపుంట్జ్ అని వ్రాసుకున్నాడు. అతడు చెప్పిన ద్రవ్యాలు సారా, పన్నీరు, నిమ్మరసం, చక్కెర. లెక్కించి చూడండి, నాలుగే. బులే లె గూజ్ అనే ఫ్రెంచి యాత్రికుడు 1653లో బోల్‌పాంజ్ అన్నాడు. పంచ్ పోసే గిన్నెను ఇంగ్లీషులో బౌల్ అంటారు కదా, పాత్రా పానీయమూ ఒకే పదమైపోయినవి. అతని జాబితాలో చక్కెర, నిమ్మరసం, సారా, జాపత్రి, వేయించిన బిస్కత్తు ఉన్నాయి. ఐదు సరిపోయినవి గాని నీళ్ళు లేవు! పైగా ఇది ఇంగ్లీషు మాట అని అతడు స్పష్టంగా చెబుతున్నాడు. మన దేశపు మాట అని ఎవరూ అతనికి చెప్పలేదన్న మాట.

మరొక చిక్కు ఉచ్చారణలో ఉన్నది. ఆ కాలపు ఇంగ్లీషువారు ఈ మాటలోని అచ్చును ఉకారానికి దగ్గరగా పలికేవారట. అనగా పంచ్ కాదు, పుంచ్. మాండెల్‌స్లో వ్రాతలోని పుంట్జ్ కూడ ఆ పక్షానికే సాక్ష్యం చెబుతున్నది. పంచలోని అకారానికి ఉకారం ఎలా వచ్చిందో చెప్పడం కష్టం. అందుచేత కొందరు ఓడలలో మద్యం నింపే పంచన్ అనే పెద్ద పీపా పేరు నుండి ఈ మాట కుదించుకున్నారని ఊహించారు. దానికీ గట్టి ఆధారం లేదు. పెద్ద నిఘంటువులు రెండింటినీ పేర్కొని ఊరుకున్నాయి. ఐదు అన్న పక్షానికే మొగ్గు ఎక్కువ ఉన్నప్పటికీ 'బహుశా' తొలగలేదు.

ఇక నా అపరాధం. అది 1986. కృష్ణా జిల్లాలో ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాల, తొమ్మిదవ తరగతి. మన దేశం నుండి ఇంగ్లీషుకు వలసపోయిన మాటలు చెబుతున్నాను. తమిళుల కట్టమరం, మిళగు తణ్ణీరు చెప్పి, ముగింపుగా పంచ్ చెప్పాను. ఈ మాట చెప్పినప్పుడల్లా తరగతి కళ్ళు మెరిసేవి. దొరలు మన దగ్గర నుండి పేరు అప్పు తీసుకున్నారంటే పిల్లలకే కాదు, నాకూ గర్వమే. నిజం చెప్పాలంటే ఆ గర్వం కోసమే చెప్పేవాణ్ణి.

ఆ రోజు వెనక బల్ల నుండి ఒక అబ్బాయి లేచాడు. వాని తండ్రికి బస్సుల స్టాండు దగ్గర గోలీసోడా బండి ఉండేది. "మేష్టారూ, మా నాన్న నిమ్మకాయ సోడాలో నాలుగే ఏస్తాడండి. సోడా, నిమ్మకాయ, ఉప్పు, పంచదార. ఆ దొరకి ఓరోజు యాలక్కాయలు అయిపోయి నాలుగే ఏసుకుంటే, ఆ పూటకి దాని పేరు నాలుగని మారుస్తాడాండీ?"

తరగతి గొల్లున నవ్వింది. నాకు కోపం వచ్చింది. వెటకారమనుకున్నాను. గంట కొట్టేదాకా వాణ్ణి బల్లమీద నిలబెట్టాను. దించేటప్పుడు కూడ సమాధానం చెప్పలేదు, ఎందుకంటే నా దగ్గర సమాధానం లేదు. వాడు అడిగినది వెటకారం కాదు, నిఘంటుకారులు వేసిన ప్రశ్నే. 1638లో సూరతులో నాలుగే వేసుకున్నారు, పేరు మాత్రం మారలేదు.

సోడా సంగతికి వద్దాం. దొరల పంచ్‌లో సోడా లేదు, ఉండే వీలూ లేదు. ఇంగ్లండులో లీడ్స్ పట్టణంలో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే మతబోధకుడు 1767లో, తన ఇంటి పక్క బీరు కాచే చోట పులుస్తున్న తొట్ల మీద పేరుకునే వాయువును నీటికి పట్టించాడు. ఎలా చేయాలో 1772లో చిన్న పుస్తకంగా ప్రకటించాడు. వ్యాపారం మీద అతనికి చూపు లేదు. ఆ పని 1783లో జెనీవాలో ష్వెప్ అనే గడియారాల పనివాడు చేశాడు. మన గోలీసోడా సీసా మరొక ఇంగ్లీషువాని తెలివి. హైరమ్ కాడ్ 1872లో దానికి పేటెంటు పొందాడు. సీసా మెడలో రబ్బరు ఉంగరం, లోపల గాజు గోలీ. లోపలి వాయువే గోలీని పైకి నెట్టి ఉంగరానికి అదిమిపెడుతుంది. సీసాకు బిరడా అక్కరలేదు. బొటనవేలితో గోలీని లోపలికి నొక్కగానే వచ్చే ఆ కీచుమనే శబ్దం మా తరానికి వేసవి వచ్చినదన్న ప్రకటన. సారా లేని పండ్ల పంచ్ ప్రాచుర్యంలోకి రావడానికి పాశ్చాత్య దేశాలలో పందొమ్మిదవ శతాబ్దపు మద్యనిరోధ ఉద్యమాలు తోడ్పడినవి. ఘాటు పోయిన చోట నురుగు వచ్చి కూర్చున్నది.

మా పంచ్‌లో ఆ నురుగే నన్ను నవ్వులపాలు చేసింది. అనాసరసం ఒక లీటరు, బత్తాయిరసం ఒక లీటరు, ఎనిమిది నిమ్మకాయల రసం. (బత్తాయి అన్న పేరు బటావియా నగరం నుండి వచ్చిందని పిల్లలతో అనబోయి నాలుక కరచుకున్నాను. మళ్ళీ ఫోను తీస్తుంది.) పెద్ద గిన్నెలో రసాలు పోసి, నాలుగు సీసాల సోడా గుమ్మరించి, తీపి చాలదనిపించి పైన చేరెడు పంచదార, చిటికెడు ఉప్పు చల్లాను. గిన్నె బుసకొట్టి పొంగి కొత్త బల్లగుడ్డ మీదుగా నేలకు దిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు, అమ్మాయి కొట్టలేదు.

కారణం తరువాత ఆలోచిస్తే తెలిసింది. వాయువు ఒత్తిడి వల్ల, చల్లదనం వల్ల నీటిలో నిలుస్తుంది. మూత తీయగానే ఒత్తిడి పోయింది. బయటికి రావడానికి దానికి ఒక ఆధారం కావాలి. గరుకైన పంచదార పలుకులు వేయి చోట్ల ఆ ఆధారం ఇస్తాయి. రెండవసారి పంచదారను ముందే నిమ్మరసంలో కరగించి, పండ్లరసాలు కలిపి, అంతా మంచుపెట్టెలో గంటసేపు ఉంచి, పిల్లలు గ్లాసులు పట్టుకున్న తరువాత చల్లని సోడాను గిన్నె అంచు వెంట మెల్లగా జార్చాను. గరిటె ఒక్కసారే తిప్పాను. పుదీనా ఆకులు వేశాను. ఆఖరి గ్లాసుదాకా చురుకు తగ్గలేదు.

అప్పుడు కళ్ళముందు ఆ సోడాబండి కదిలింది. పిల్లవాని తండ్రి ముందు గ్లాసులో ఉప్పు, పంచదార, నిమ్మరసం వేసి చెంచాతో చిలికేవాడు. సోడా చివర. ఎన్ని వందలసార్లు తాగానో! ఒక్కనాడూ ఎందుకలా అని అడగలేదు. తండ్రి చేతిలో రసాయనశాస్త్రం, కొడుకు నోట నిరుక్తశాస్త్రం ఉన్నా, పండితుడనన్న ధీమాలో నాకు రెండూ కనబడలేదు.

మన ఆలంకారికులకు పానకరసన్యాయమని ఒకటి ఉన్నది. కావ్యప్రకాశంలో మమ్మటుడు దానిని ఉపయోగించాడు. బెల్లం, మిరియం, ఏలకులు కలిసిన పానకంలో ఏ ఒక్కటీ విడిగా తోచక, అన్నింటికన్న భిన్నమైన ఒక రుచి ఏర్పడినట్లే, విభావాదులు కలిసి రసమౌతాయని భావం. అక్కడ వస్తువులెన్ని అన్న లెక్క ఎవరికీ పట్టలేదు. భాషాప్రవీణ పరీక్షకు ఆ న్యాయాన్ని పుటలకొద్దీ వ్రాసినవాణ్ణి, పంచ్ దగ్గరకు వచ్చేసరికి వేళ్ళు మడిచి ఐదు లెక్కపెట్టి కూర్చున్నాను.

ఆ అబ్బాయి కోసం ఆ ఊరి పాత మిత్రులను విచారించాను. సోడాబండి నిలిచిన చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉన్నదట. తండ్రి పోయి చాలా ఏళ్ళయిందట. అబ్బాయి పదవ తరగతి తరువాత హైదరాబాదు వెళ్ళాడని ఒకరు, కాదు సూరతు వెళ్ళాడని మరొకరు చెప్పారు. చిరునామా ఇంకా దొరకలేదు. ఉత్తరం మాత్రం వ్రాసి బీరువాలో పెట్టుకున్నాను. అందులో మాండెల్‌స్లో చెప్పిన నాలుగు వస్తువుల పేర్లు వరుసగా వ్రాసి, కింద సంతకం చేశాను.