తెలుగువారి ఆంగ్లంలో సాధారణ వ్యాకరణ దోషాలు

తెలుగు మాతృభాషగా గలవారు ఆంగ్లం నేర్చుకొనేటప్పుడు కొన్ని వ్యాకరణ దోషాలు పదేపదే దొర్లుతుంటాయి. వీటిలో చాలావరకు అజాగ్రత్త వలన వచ్చేవి కావు. తెలుగు వాక్యానికి వర్తించే సూత్రాన్ని ఆంగ్ల వాక్యానికి కూడా అన్వయించడం వలన ఏర్పడేవి. దీనిని మాతృభాషా ప్రభావం అంటారు. దోషం వెనుక ఉన్న తెలుగు సూత్రాన్ని గుర్తిస్తే దానిని దిద్దుకోవడం సులభమవుతుంది. కృష్ణా డెల్టాలోని మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల విద్యార్థులకు పరిచితమైన ఉదాహరణలతో ముఖ్యమైన దోషాలు, వాటిని సవరించుకొనే పద్ధతులు ఇక్కడ ఇవ్వబడినవి.

చరిత్ర

ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నం (బందరు)లో వర్తక స్థావరాన్ని నెలకొల్పినది. 1843లో రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ ఇక్కడ ఆంగ్ల పాఠశాలను ప్రారంభించాడు. అదే తరువాత నోబుల్ కళాశాలగా ఎదిగినది.

ఇదే పట్టణంలో ఆంగ్లేయులు తెలుగు నేర్చుకోవలసిన అవసరం కూడా ఏర్పడినది. కొంతకాలం మచిలీపట్నంలో న్యాయశాఖ ఉద్యోగిగా పనిచేసిన సి.పి.బ్రౌన్ 1840లో తెలుగు వ్యాకరణాన్ని ప్రచురించాడు. బందరులో మిషనరీగా ఉన్న ఎ.హెచ్.ఆర్డెన్ 1873లో ఆంగ్లేయుల కోసం క్రమపద్ధతిలో సాగే మరొక తెలుగు వ్యాకరణాన్ని వెలువరించాడు. క్రియ వాక్యం చివర రావడం, విభక్తి ప్రత్యయం నామవాచకం తరువాత చేరడం ఆంగ్లేయులకు కొత్త విషయాలు. ఈ రెండు భాషల మధ్య భేదాలు ఇరువైపుల వారికీ ఇబ్బంది కలిగించేవే.

పొరపాటు, దోషం

ఎస్.పి.కోర్డర్ అనే భాషాశాస్త్రవేత్త 1967లో ప్రచురించిన వ్యాసంలో పొరపాటుకు, దోషానికి భేదం చూపాడు. తొందరలోనో, అలసట వలననో దొర్లేది పొరపాటు. దానిని రాసినవారే గుర్తించి దిద్దుకోగలరు. దోషం అట్లా కాదు. అది అభ్యాసకుడి మనసులో అప్పటికి ఏర్పడి ఉన్న నియమాన్ని తెలుపుతుంది. కనుక దోషం చేసిన విద్యార్థిని మందలించడం కన్నా ఆ నియమాన్ని సవరించడం ఉపయోగకరం.

ముఖ్యమైన దోషాలు

1. ఆర్టికల్స్

తెలుగులో ఎ, యాన్, ద వంటి పదాలు లేవు. "ఆయన ఉపాధ్యాయుడు" అనే వాక్యంలో "ఒక" అవసరం లేదు. అందువలన ఆంగ్లంలోనూ దానిని వదిలివేస్తారు.
తప్పు: హీ ఈజ్ టీచర్ ఇన్ గుడివాడ.
ఒప్పు: హీ ఈజ్ ఎ టీచర్ ఇన్ గుడివాడ.

నదుల, సముద్రాల పేర్లకు ముందు "ద" రావలెను. ఊళ్ళ పేర్లకు ముందు రాకూడదు.
తప్పు: కృష్ణా జాయిన్స్ బే ఆఫ్ బెంగాల్ నియర్ ద హంసలదీవి.
ఒప్పు: ద కృష్ణా జాయిన్స్ ద బే ఆఫ్ బెంగాల్ నియర్ హంసలదీవి.

ఎ, యాన్‌లలో ఏది వాడాలో తేల్చుకోవడానికి తెలుగు లిపి తోడ్పడుతుంది. ఆంగ్ల పదాన్ని ఉచ్చారణ ప్రకారం తెలుగులో రాసినప్పుడు మొదటి అక్షరం అచ్చు అయితే "యాన్", హల్లు అయితే "ఎ" వాడాలి. అవర్, ఎమ్మెల్యే అనే పదాలకు "యాన్", యూనివర్సిటీ అనే పదానికి "ఎ" వస్తుంది. అయితే యాపిల్, యాక్టర్ అని తెలుగులో రాసే పదాలు ఆంగ్ల ఉచ్చారణలో అచ్చుతోనే మొదలవుతాయి. వాటికి "యాన్" వాడాలి.

2. "నుండి" - సిన్స్, ఫర్

"అయిదేళ్ళ నుండి", "2019 నుండి" అనే రెండింటికీ తెలుగులో ఒకే ప్రత్యయం సరిపోతుంది. ఆంగ్లంలో మొదలైన సమయానికి "సిన్స్", గడచిన వ్యవధికి "ఫర్" వాడతారు. క్రియారూపం కూడా మారుతుంది.
తప్పు: ఐ యామ్ లివింగ్ ఇన్ అవనిగడ్డ సిన్స్ ఫైవ్ ఇయర్స్.
ఒప్పు: ఐ హావ్ బీన్ లివింగ్ ఇన్ అవనిగడ్డ ఫర్ ఫైవ్ ఇయర్స్.

3. భూతకాలం

గడచిన సంవత్సరం లేక తేదీ చెప్పినప్పుడు హాజ్, హావ్ చేర్చకూడదు. తెలుగులో "వచ్చింది" అనే ఒకే రూపం రెండు సందర్భాలలోనూ చెల్లుతుంది కనుక ఈ దోషం ఏర్పడుతుంది.
తప్పు: ఎ సైక్లోన్ హాజ్ హిట్ దివిసీమ ఇన్ 1977.
ఒప్పు: ఎ సైక్లోన్ హిట్ దివిసీమ ఇన్ 1977.

4. "డిడ్" తరువాత క్రియ

తప్పు: హీ డిడ్ నాట్ వెంట్ టు కాలేజ్.
ఒప్పు: హీ డిడ్ నాట్ గో టు కాలేజ్.

ఇక్కడ తెలుగు అడ్డంకి కాదు, సహాయకారి. "వెళ్ళాడు" అన్న మాటకు వ్యతిరేకం "వెళ్ళాడు లేదు" కాదు, "వెళ్ళలేదు". "లేదు" చేరగానే భూతకాల ప్రత్యయం తొలగిపోతుంది. ఆంగ్లంలో "డిడ్" చేరినప్పుడు జరిగేది ఇదే.

5. "-తున్నాను" రూపం

"అనుకుంటున్నాను", "నమ్ముతున్నాను", "అర్థమవుతోంది" వంటి తెలుగు రూపాలను ఆంగ్లంలో యథాతథంగా "ఇంగ్"తో చెబుతారు. నో, బిలీవ్, అండర్‌స్టాండ్, వాంట్ వంటి మానసిక స్థితిని తెలిపే క్రియలకు ఆంగ్లంలో సాధారణంగా ఈ రూపం ఉండదు.
తప్పు: ఆర్ యూ అండర్‌స్టాండింగ్ ద లెసన్?
ఒప్పు: డూ యూ అండర్‌స్టాండ్ ద లెసన్?

6. ప్రశ్నలు

తెలుగులో ప్రశ్నకు పదక్రమం మారదు. ఆంగ్లంలో సహాయక క్రియ కర్తకు ముందుకు రావాలి.
తప్పు: వై యూ ఆర్ లేట్?
ఒప్పు: వై ఆర్ యూ లేట్?

ప్రశ్న మరొక వాక్యంలో భాగమైనప్పుడు మాత్రం క్రమం మారకూడదు.
తప్పు: ఐ డోంట్ నో వేర్ ఈజ్ ద బస్ స్టాండ్.
ఒప్పు: ఐ డోంట్ నో వేర్ ద బస్ స్టాండ్ ఈజ్.

7. "అవునండి, చేయలేదు"

"భోజనం చేయలేదా?" అని అడిగితే తెలుగువారు "అవునండి, చేయలేదు" అంటారు. ఎదుటివారి మాట నిజమేనని దీని భావం. ఆంగ్లంలో చేయనప్పుడు "నో" అనే చెప్పాలి.
తప్పు: యెస్, ఐ డిడ్ నాట్ ఈట్.
ఒప్పు: నో, ఐ డిడ్ నాట్ ఈట్.

తెలుగు అలవాటుతో "యెస్" అని ఊరుకుంటే వినేవారికి విరుద్ధమైన అర్థం అందుతుంది. వైద్యుడు "మందు వేసుకోలేదా?" అని ఆంగ్లంలో అడిగినప్పుడు ఇటువంటి జవాబు ప్రమాదానికి దారితీయవచ్చును. "నో, ఐ డిడ్ నాట్" అని పూర్తి వాక్యంగా చెప్పడం క్షేమం.

8. విభక్తులు

"గురించి చర్చించు", "-తో పెళ్ళి" అనే ప్రయోగాల ప్రభావం వలన అనవసరమైన ప్రిపొజిషన్లు, లేదా ఒకదానికి బదులు మరొకటి చేరతాయి. "డిస్కస్ అబౌట్" తప్పు, "డిస్కస్" చాలు. "మ్యారీడ్ విత్" తప్పు, "మ్యారీడ్ టు" ఒప్పు.

9. గౌరవ బహువచనం

"నాన్నగారు వచ్చారు" అన్నట్లే "మై ఫాదర్ హావ్ కమ్" అంటారు. ఆంగ్ల క్రియకు గౌరవార్థక బహువచనం లేదు. "మై ఫాదర్ హాజ్ కమ్" అనడం అమర్యాద కాదు.

దిద్దుకొనే పద్ధతులు

* తనకు తరచు దొర్లే దోషాలను ఒక పుస్తకంలో రాసుకొని, ఒక్కొక్క వారం ఒక్క దోషంపైనే దృష్టి పెట్టాలి. అన్నిటినీ ఒకేసారి దిద్దబోతే ఏదీ నిలవదు.
* రాసినదానిని పలుమార్లు చదవాలి. ఒకసారి ఆర్టికల్స్ కోసం, మరొకసారి క్రియల కోసం, మూడవసారి ప్రిపొజిషన్ల కోసం.
* క్రియను ఒంటరిగా కాక దాని వెంట వచ్చే ప్రిపొజిషన్‌తో కలిపి కంఠస్థం చేయాలి.
* ఒక చిన్న ఆంగ్ల పేరాను తెలుగులోకి అనువదించి, కొన్ని రోజుల తరువాత మూలం చూడకుండా తిరిగి ఆంగ్లంలో రాయాలి. రెండింటినీ పోల్చితే తన దోషాలు తనకే కనబడతాయి. ఇంగ్లండులో రోజర్ యాస్కమ్ లాటిన్ బోధనకు సూచించిన ఈ పద్ధతి, 1570లో వెలువడిన ఆయన గ్రంథంలో వివరించబడినది.
* మాట్లాడేటప్పుడు ధారకు, రాసేటప్పుడు వ్యాకరణానికి ప్రాధాన్యమివ్వాలి. దోషభయంతో మాట్లాడకుండా ఉండేవారికి దిద్దుకొనే అవకాశమే రాదు.

దోషాలుగా భావించరాని ప్రయోగాలు

భారతీయ ఆంగ్లంలో స్థిరపడిన కొన్ని పదాలు దోషాలు కావు. ముందుకు జరపడం అనే అర్థంలో "ప్రీపోన్", లక్ష, కోటి అనే సంఖ్యాపదాలు ఇందుకు ఉదాహరణలు. విదేశీయులకు రాసేటప్పుడు మాత్రం వాటికి బదులు అందరికీ తెలిసిన పదాలు వాడడం మేలు.

ఇవి కూడా చూడండి

* తెలుగు వ్యాకరణం
* చార్లెస్ ఫిలిప్ బ్రౌన్
* మచిలీపట్నం
* దివిసీమ