దామోదరం సంజీవయ్య

దామోదరం సంజీవయ్య (14 ఫిబ్రవరి 1921 – 7 మే 1972) ఆంధ్రప్రదేశ్ రెండవ ముఖ్యమంత్రి, భారతదేశంలో ఒక రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన తొలి దళితుడు.

కర్నూలు సమీపంలోని పెద్దపాడులో నిరుపేద కుటుంబంలో పుట్టి, పసితనంలోనే తండ్రిని కోల్పోయి, మేనమామ ఆదరణలో పెరిగాడు. అనంతపురంలో పట్టభద్రుడై, 1948లో మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తిచేశాడు. 1950లో తాత్కాలిక పార్లమెంటు సభ్యుడయ్యాడు. 1952లో మద్రాసు శాసనసభకు ఎన్నికై రాజగోపాలాచారి మంత్రివర్గంలో చేరాడు.

అప్పటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ అధ్యక్షుడిగా వెళ్లడంతో, 1960 జనవరి 11న 38 ఏళ్ల వయసులో ముఖ్యమంత్రి పదవి చేపట్టాడు. 1962 మార్చి 12 వరకు, అంటే 26 నెలలే ఉన్నా, ఆ పాలన ముద్ర దీర్ఘకాలం నిలిచింది. వృద్ధాప్య పింఛన్లు ప్రారంభమయ్యాయి. భూమిలేని పేదలకు బంజరు భూములు పంచారు. అధికారుల లంచాలపై ఫిర్యాదులను ప్రత్యేకంగా విచారించేందుకు 1961 జనవరి 2న అవినీతి నిరోధక శాఖ ఏర్పడింది. నేటి ఏసీబీ అదే. హైదరాబాద్, సికింద్రాబాద్ నగరపాలక సంస్థల విలీనం కూడా 1960లోనే జరిగింది.

1962లో అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడయ్యాడు. ఆ పదవి దళితుడికి దక్కడం అదే మొదటిసారి. 1964లో లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలోనూ, తిరిగి 1970–71లోనూ కేంద్ర కార్మిక శాఖ నిర్వహించాడు. రెండోసారి పార్టీ అధ్యక్షుడిగా ఉండగా ఢిల్లీలో మరణించాడు. హుస్సేన్ సాగర్ ఒడ్డున ఉన్న ఉద్యానవనానికి, విశాఖపట్నంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి, కర్నూలు జిల్లాలోని గాజులదిన్నె జలాశయానికి సంజీవయ్య పేరు పెట్టారు.