నందాదేవిపై ఆరని వేడి

1965 శరదృతువులో నందాదేవి ఎక్కుతున్న షెర్పాలు ఒక్క బరువును మోయడానికి మాత్రం పోటీపడ్డారు. ఎముకలు కొరికే చలిలో అది వీపుకు వెచ్చగా తగిలేది. ఆ వెచ్చదనం ప్లుటోనియం-238ది.

అంతకు ఏడాది ముందు, 1964 అక్టోబరు 16న, చైనా లోప్‌నోర్‌లో తొలి అణుపరీక్ష జరిపింది. 1962 యుద్ధం చేసిన గాయం మనకు అప్పటికింకా మానలేదు. చైనా క్షిపణుల సంకేతాలను పట్టే పరికరాన్ని 7,816 మీటర్ల నందాదేవి శిఖరం మీద అమర్చాలని అమెరికా సీఐఏ, మన ఇంటెలిజెన్స్ బ్యూరో రహస్యంగా నిశ్చయించాయి. భారత బృందానికి నాయకుడు ఎం.ఎస్. కోహ్లీ. 1965 మేలో ఎవరెస్టు ఎక్కిన జట్టుకూ ఆయనే సారథి. అంత ఎత్తున బ్యాటరీలు మార్చేదెవరు? అందుకే అణు బ్యాటరీ.

అది పనిచేసే తీరు ఆశ్చర్యమనిపించేంత సులువు. ప్లుటోనియం కేంద్రకం నుంచి ఆల్ఫా కణం దూసుకొస్తుంది, పక్కనున్న పదార్థంలో చిక్కుకుని ఆగుతుంది. దాని వేగమంతా వేడిగా మారుతుంది. రెండు వేర్వేరు పదార్థాలను జోడించి, ఒక కొసను ఆ వేడికి, మరో కొసను బయటి చలికి అప్పగిస్తే తీగలో కరెంటు పారుతుంది. 1821లో సీబెక్ గమనించిన ఈ ప్రభావాన్ని 1954లో రేడియోధార్మిక వేడితో ముడిపెట్టినవారు ఒహాయోలోని మౌండ్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు జోర్డన్, బిర్డెన్. వేడిలో నూటికి ఆరేడు వంతులే కరెంటవుతుంది. అయినా తిరిగే చక్రం లేదు, అరిగే భాగం లేదు.

ఆపే మీట కూడా లేదు.

అక్టోబరులో మంచుతుఫాను విరుచుకుపడింది. కోహ్లీ సామగ్రిని నాలుగో శిబిరం దగ్గర రాళ్లకు కట్టించి, మనుషులందరినీ ప్రాణాలతో కిందికి దించారు. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. 1966 వసంతంలో తిరిగివెళ్తే అణు బ్యాటరీ లేదు. మంచుచరియ ఈడ్చుకుపోయి ఉంటుందనుకున్నారు. ఎంత వెతికినా దొరకలేదు. 1967లో మరో పరికరాన్ని పక్కనున్న నందాకోట్ మీద పెట్టారు.

సంగతి అమెరికా పత్రికకెక్కిన తర్వాత, 1978లో ప్రధాని మొరార్జీ దేశాయ్ పార్లమెంటులో ఒప్పుకున్నారు.

ప్లుటోనియం-238 అర్ధాయువు 87.7 ఏళ్లు. ఆరు దశాబ్దాలు గడిచినా మొదటి వేడిలో అయిదింట మూడు వంతులు మిగిలే ఉంటాయి. అక్కడి మంచు కరిగి రుషిగంగలో, ధౌలిగంగ, అలకనందల మీదుగా గంగలో కలుస్తుంది. 2021 ఫిబ్రవరిలో రుషిగంగ పొంగి విరుచుకుపడినప్పుడు, రోంటీ శిఖరం నుంచి విరిగిపడిన రాతి, మంచు చరియే కారణమని శాస్త్రవేత్తలు తేల్చారు. అక్కడి రైణీ గ్రామస్థులు మాత్రం కొండమీద పోయిన ఆ యంత్రాన్నే తలుచుకున్నారు.