అక్షరముల కొలతలకు అనువాదము

అచ్చు పుస్తకములోని ఒక పంక్తిని చూచునపుడు మన దృష్టి అక్షరముల రూపముపైననే నిలుచును. కాని ఆ పంక్తిని కూర్చిన వానికి రూపముకంటె ముందుగా కావలసినది కొలత. ఈ అక్షరము ఎంత వెడల్పు? ఆధారరేఖకు పైన ఎంత ఎత్తు? క్రింద ఎంత లోతు? ఈ మూడు సంగతులు తెలిసినచో, అక్షరము ఎట్లుండునో చూడకుండగనే ఒక పుటను కూర్చవచ్చును. వినుటకు ఇది వింతగా తోచును. అయినను కంప్యూటరు చేయు పుటకూర్పునకు ఇదియే పునాది. అక్షరముల కొలతలను ఒక పద్ధతి నుండి మరియొక పద్ధతికి మార్చుటకు కొందరు చేసిన కృషి చరిత్రలో చిన్న ఘట్టమే; కాని ఏయే భాషలు చక్కగా అచ్చగునో, పాత పుస్తకములు తిరిగి అచ్చగునో కాదో అను ప్రశ్నలు దానిలో ఇమిడియున్నవి.

సీసములో దాగిన కొలత

సీసపు అచ్చుల కాలములో కొలతను వేరుగా వ్రాసి ఉంచవలసిన పని లేకుండెను. అక్షరమును మోయు సీసపు దిమ్మ వెడల్పే అక్షరపు వెడల్పు. కంపోజిటరు దిమ్మలను స్టిక్కులో ప్రక్కప్రక్కన పేర్చి, మిగిలిన ఖాళీని మాటల నడుమ స్పేసులతో సరిపెట్టెడివాడు. కొలత అతని వ్రేళ్లకు తగులుచుండెను.

అమెరికా దేశస్థుడగు టాల్బర్ట్ లాన్‌స్టన్ రూపొందించిన మోనోటైపు యంత్రములో ఈ కొలత సంఖ్యగా మారినది. అందు ఒక ఎమ్ వెడల్పును 18 భాగములుగా విభజించి, ప్రతి అక్షరమునకు ఇన్ని భాగములని నిర్ణయించిరి. యంత్రము ఆ సంఖ్యలను కూడుకొనుచు, పంక్తి చివర ఎంత ఖాళీ మిగిలినదో తెలుపును. అనగా అక్షరము పోతపోయబడుటకు పూర్వమే దాని కొలత లెక్కలోనికి వచ్చుచుండెను. తరువాత ఫోటో పద్ధతిలో అక్షరములను కూర్చుట వచ్చి సీసము తొలగిపోయెను. అక్షరము కేవలము వెలుతురు గీసిన బొమ్మ అయినది. దిమ్మ పోయిన తరువాత కొలతకు వేరొక నివాసము అవసరమయ్యెను.

కనూత్ పూనిన పని

స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డోనాల్డ్ కనూత్ కంప్యూటరు ప్రోగ్రాముల రచనాశాస్త్రముపై వ్రాసిన బృహద్గ్రంథపు మొదటి సంపుటము 1968లో మోనోటైపు సీసపు అచ్చులతో వెలువడెను. రెండవ సంపుటపు కొత్త ముద్రణకు ఫోటో పద్ధతిలో కూర్చిన ప్రూఫులు 1977లో ఆయన చేతికి వచ్చినవి. వాటి అందవికారమును చూచి ఆయన సహింపలేకపోయెను. గ్రంథరచనను ప్రక్కకు పెట్టి, పుటలను కూర్చు ప్రోగ్రామును తానే వ్రాయుటకు పూనుకొనెను. దానిపేరు టెక్. మొదటి రూపము 1978లో సిద్ధమైనది. 1982లో దానిని మొదటినుండి తిరిగి వ్రాసిరి.

టెక్ దృష్టిలో ప్రతి అక్షరము ఒక పెట్టె. దానికి వెడల్పు, ఎత్తు, లోతు మాత్రమే కలవు. పెట్టెలను వరుసగా పేర్చి, వాటి నడుమ సాగి కుదించుకొను ఖాళీలను ఉంచి, పేరా మొత్తమును ఒక్కసారిగా పరిశీలించి పంక్తులను ఎచ్చట విరువవలెనో అది నిర్ణయించును. పెట్టెలో ఏమున్నదో దానికి తెలియదు. బొమ్మను కాగితముపై దింపు పని వేరొక ప్రోగ్రాముది.

ఈ కొలతలను నిలువచేయు ఫైలునకు టి.ఎఫ్.ఎం. అని పేరు. దీని అమరికను 1980లో లైల్ రామ్‌షా రూపొందించెను. ఆనాటి కంప్యూటర్లలో జ్ఞాపకస్థలము మిక్కిలి తక్కువ. అందువలన ఒక్కొక్క అక్షరపు సమాచారమును నాలుగు బైట్లలో, అనగా 32 బిట్లలో, ఇమిడ్చిరి. వెడల్పునకు 8 బిట్లు, ఎత్తునకు 4, లోతునకు 4, ఏటవాలు అక్షరముల సవరణకు 6. మిగిలిన 10 బిట్లు జంట అక్షరముల వంటి వాటికి. ఈ బిట్లలో ఉండునది కొలత కాదు, కొలతల పట్టికలోని వరుససంఖ్య. 8 బిట్లతో 256 వెడల్పులను సూచింపవచ్చును. 4 బిట్లతో 16 ఎత్తులను మాత్రమే సూచింపవచ్చును, అందొకటి సున్న. ఈ చిన్న పొదుపు తరువాత ఎట్టి చిక్కు తెచ్చినదో ముందు చూడగలము.

కనూత్ అక్షరములను గీయుటకు మెటాఫాంట్ అను వేరొక ప్రోగ్రామును కూడ వ్రాసెను. అది అక్షరపు బొమ్మను, కొలతల ఫైలును ఒకేసారి తయారుచేయును. బొమ్మయు కొలతయు కవలలుగా పుట్టినంతకాలము మార్పిడి అను ప్రశ్నయే లేకుండెను.

వేరొక వంశము

1982లో జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ అను ఇరువురు అడోబ్ సంస్థను స్థాపించిరి. వారి పోస్ట్‌స్క్రిప్టు భాష 1984లో వెలువడెను. దానిని అర్థముచేసికొను ఆపిల్ లేజర్‌రైటరు 1985లో అంగడికి వచ్చెను. టైమ్స్, హెల్వెటికా వంటి ప్రసిద్ధ అక్షరశ్రేణులు ఆ యంత్రములోనే ఇమిడియుండెను. టెక్ వాడువారికి సహజముగనే ఈ అక్షరములపై కోరిక కలిగెను. బొమ్మలు ముద్రణయంత్రములో సిద్ధముగా కలవు. కావలసినవి కొలతలు మాత్రమే.

అడోబ్ వారు కొలతలను ఏ.ఎఫ్.ఎం. అను ఫైలులో ఇచ్చెడివారు. ఇది ఎవరైనను తెరచి చదువదగిన సాదా వాచకము. ఎమ్‌ను 1000 భాగములుగా విభజించి అన్ని కొలతలను ఆ భాగములలో చెప్పుదురు. టైమ్స్ శ్రేణిలో ‘ఎ’ అను పెద్ద ఇంగ్లీషు అక్షరపు వెడల్పు 722. దాని ప్రక్కన ‘వి’ వచ్చినచో రెంటిని 135 భాగములు దగ్గరకు జరుపవలెనని వేరొక పంక్తి చెప్పును. పది పాయింట్ల అచ్చులో ఇది 1.35 పాయింట్లు, అట్లు జరుపకున్నచో ఆ రెండు అక్షరముల నడుమ ఖాళీ కంటికి కొట్టవచ్చినట్లు కనబడును.

మార్పిడిలోని చిక్కులు

వెడల్పును మార్చుట సులభము. టి.ఎఫ్.ఎం. ఫైలులో 1 అను విలువను 1048576గా వ్రాయుదురు. ఇది రెండు యొక్క ఇరువదవ ఘాతము. 722ను 1000 చేత భాగించి ఈ సంఖ్యతో గుణించినచో సుమారు 757072 వచ్చును. ఇంతవరకు ఇది బడిపిల్లల లెక్క. అసలు కష్టము వేరుచోట్ల ఉన్నది.

మొదటిది ఎత్తు. కనూత్ శ్రేణులలో ఎత్తులను ఆలోచించి నిర్ణయించినందున అవి కొద్దిగనే ఉండెడివి. ఏ.ఎఫ్.ఎం. ఫైలు అక్షరపు గీత వాస్తవముగా ఎంతవరకు పోయినదో చెప్పును. టైమ్స్‌లో పెద్ద ‘హెచ్’ ఎత్తు 662, ‘ఎ’ 674, ‘ఓ’ 676. పైగా గుండ్రని ‘ఓ’ ఆధారరేఖకు 14 భాగములు క్రిందికి దిగును. కంటికి సమానముగా కనబడుటకు చిత్రకారుడు కావలెననియే అట్లు చేయును. ఇన్ని రకముల ఎత్తులను 15 గదులలో సర్దవలెను. దీనికి దొరకిన ఉపాయము, దగ్గరదగ్గరగా నున్న ఎత్తులను గుంపులుగా చేర్చి, ప్రతి గుంపునకు ఒక మధ్యవిలువను ఇచ్చుట. ఎత్తులో కలుగు ఈ స్వల్ప భేదము కంటికి తెలియదు. వెడల్పులకు గదులు చాలినన్ని కలవు గనుక వాటిని ముట్టుకొనలేదు. పంక్తులు విరుగు చోటు ముఖ్యముగా ఆధారపడునది వెడల్పులపైననే గదా!

రెండవది సాగు ఖాళీ. మాటల నడుమ ఖాళీ ఎంత సాగవచ్చునో, ఎంత కుదించుకొనవచ్చునో టెక్‌కు తెలియవలెను. ఏ.ఎఫ్.ఎం. ఫైలు ఖాళీ వెడల్పు 250 అని మాత్రమే చెప్పును. మిగిలినది మార్పిడి చేయువాడే తన తెలివితో పూరింపవలెను.

మూడవది అన్నిటికంటె పెద్దది: వరుససంఖ్యలు. ‘ఎఫ్’, ‘ఐ’ కలిసిన జంట అక్షరమునకు టెక్ పాత పట్టికలో సంఖ్య 12. అడోబ్ పట్టికలో 174. టైమ్స్ శ్రేణిలో 228 రూపములుండగా, అడోబ్ ప్రామాణిక పట్టికలో 149కి మాత్రమే సంఖ్యలు కలవు. ఫ్రెంచి, జర్మను భాషల గురుతులు గల అక్షరములు శ్రేణిలో ఉన్నను సంఖ్య లేనివై, ఇంటి నంబరు లేని కాపురములవలె ఉండెను.

మాయా శ్రేణులు

ఈ చిక్కును విప్పినది ఒక చక్కని ఊహ. టెక్‌కు ఒక శ్రేణి ఉన్నట్లు చూపవలెను. వాస్తవముగా అట్టి శ్రేణి ఎచ్చటను ఉండనక్కరలేదు. కొలతల ఫైలు ప్రక్కన మరియొక ఫైలు ఉండి, ‘12వ అక్షరము కావలసినపుడు ఫలాని శ్రేణిలోని 174వ అక్షరమును వేయుము’ అని ముద్రణ ప్రోగ్రామునకు చెప్పును. ‘ఇ అక్షరమును వేసి, దానిపై ఈ గురుతును ఇంత ఎత్తున ఉంచుము’ అని కూడ చెప్పవచ్చును. కనూత్ దీనిని 1990లో టెక్ వినియోగదారుల పత్రికలో వివరించెను. టెక్ పుటలను పోస్ట్‌స్క్రిప్టులోనికి మార్చు ప్రోగ్రామును వ్రాసిన టోమస్ రోకిట్స్కీ, దానితోపాటు ఏ.ఎఫ్.ఎం. నుండి టి.ఎఫ్.ఎం. తయారుచేయు పనిముట్టును కూడ అందించెను. అది అసలు శ్రేణి కొలతలను, మాయాశ్రేణి వర్ణనను రెంటిని సిద్ధముచేయును.

ఇది కేవలము సాంకేతిక సౌలభ్యము కాదు. అక్షరమును, దాని గురుతును వేరువేరుగా తెచ్చి అతికించినపుడు, పంక్తి చివర అట్టి మాటను సరిగా విరుచుట టెక్‌కు సాధ్యము కాకుండెను. గురుతులు అరుదుగా వాడు ఇంగ్లీషునకు దానివలన నష్టము లేదు. చెక్, పోలిష్, ఫ్రెంచి భాషలలో అట్టి మాటలు అడుగడుగునను వచ్చును. ఆ భాషలవారి కోరికపై కనూత్ తన ప్రోగ్రామును 256 అక్షరములకు విస్తరించెను. 1990లో ఐర్లండులోని కార్క్ నగరమున జరిగిన సభలో, యూరపు భాషలకు తగిన 256 గదుల పట్టికను అంగీకరించిరి. అడోబ్ శ్రేణులను ఈ పట్టికలోనికి కూర్చుటకు అలన్ జెఫ్రీ అనునతడు ఫాంట్‌ఇన్‌స్ట్ అను పనిముట్టును నిర్మించి, 1993లో ప్రకటించెను. అది టెక్ భాషలోనే వ్రాయబడినది గనుక టెక్ ఉన్న ప్రతి యంత్రముపైనను పనిచేసెను.

ఫైళ్లకు పేర్లు పెట్టుట కూడ ఒక సమస్యయే అయినది. ఆనాటి డాస్ యంత్రములలో పేరునకు ఎనిమిది అక్షరములకు మించి చోటు లేదు. కార్ల్ బెరీ రూపొందించిన పద్ధతిలో పి-టిఎం-ఆర్-7టి అను ఆరు అక్షరములలో అడోబ్ సంస్థ, టైమ్స్ శ్రేణి, సాధారణ రూపము, పాత పట్టిక అను నాలుగు సంగతులు ఇమిడినవి.

పట్టికలు చాలని లిపులు

256 గదులు యూరపు భాషలకు చాలినను మన లిపులకు చాలవు. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరము యూనికోడులో ఆరు సంకేతముల వరుస: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. తెరపై కనబడు రూపము సంకేతములు కలిసిన తీరుపై ఆధారపడును. వత్తులు రేఖ క్రింద తమ చోటును వెదకుకొనవలెను. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగునకు చోటు దొరకినది. 1996లో మైక్రోసాఫ్టు, అడోబ్ సంస్థలు ప్రకటించిన ఓపెన్‌టైప్ శ్రేణులలో కొలతలు, అక్షరముల కలయిక నియమములు, బొమ్మలు అన్నియు ఒకే ఫైలులో చేరినవి. 2004లో జొనాథన్ క్యూ రూపొందించిన జీటెక్ ఈ ఫైళ్లను నేరుగా చదువును. తెలుగు పుటను టెక్ పద్ధతిలో కూర్చువారికి నేడు కొలతల మార్పిడి అవసరము లేదు. బొమ్మయు కొలతయు తిరిగి ఒకే ఇంటికి చేరినవి.

అట్లని పాత ఫైళ్లు వ్యర్థము కాలేదు. ఒక్క అక్షరపు వెడల్పు కొద్దిగ మారినను ఒక పంక్తి వేరుచోట విరుగును. దానితో పేరా మారును, పుట మారును, విషయసూచిక తప్పును. ఈ కారణముచేతనే టి.ఎఫ్.ఎం. ఫైలులో ఒక సరిచూపు సంఖ్య ఉండును. టెక్ దానిని తాను కూర్చిన పుటల ఫైలులోనికి ఎక్కించును. ముద్రణ ప్రోగ్రాము దానిని తన యొద్ద నున్న శ్రేణితో పోల్చి, తేడా ఉన్నచో హెచ్చరించును. అడోబ్ సంస్థ తన పాత రకపు శ్రేణులకు ఆధారమును 2023 జనవరిలో నిలిపివేసెను. కాని వాటి కొలతలు సాదా వాచకములో, అందరు చదువదగిన రీతిలో ఉండుటవలన అనువాదము చేయగలిగిరి. ఆ అనువాదములు నేటికిని పనిచేయుచున్నవి. ముప్పది ఏండ్ల క్రిందట టైమ్స్ అక్షరములతో కూర్చిన గణితగ్రంథమును, ఆనాటి కొలతల ఫైళ్లు చేతనున్నచో, ఆనాటి పంక్తులతోనే ఈనాడును అచ్చువేయవచ్చును.